ఏకైక సభ్యుడి అలక

మిద్దెతోట మిత్రమండలిలో పదవి కావాలంటే ఎన్నికల్లో నిలబడనక్కర్లేదు. అలిగితే చాలు.

ఈ పద్ధతి ఎవరూ కావాలని పెట్టింది కాదు. విశాఖపట్నంలో డాబాల మీద బెండ, వంగ, మిరప పెంచుకునేవాళ్లు కొందరు ఫోన్లో ఒక గ్రూపు పెట్టుకున్నారు. మొదట్లో అందరూ మామూలు మనుషులే. పొద్దున్నే ఒకరు తమ చెట్టుకి కాసిన కాయ ఫోటో పెట్టేవారు, మిగతావాళ్లు "అబ్బ, ఎంత ముద్దొస్తోందో" అనేవారు. ఒకరోజు ఒకాయన పెట్టిన సొరకాయని ఎవరూ మెచ్చుకోలేదు. ఆయన అలిగి గ్రూపులోంచి వెళ్లిపోయాడు. ఊళ్లో మంచి పశువుల ఎరువు ఎక్కడ దొరుకుతుందో ఆయనొక్కడికే తెలుసు. అందుకని బతిమాలి వెనక్కి తెచ్చారు. ఊరికే తెస్తే ఏం బావుంటుందని ఎరువుల విభాగం కన్వీనర్ని చేశారు. ఆ వారంలోనే ఇంకో ఇద్దరు అలిగారు.

అల్లుడికి అలకపాన్పు వేసిన జాతి మనది. అలిగినవాణ్ణి ఉత్తచేతులతో లేపడం మనకి తెలీదు. అలా ఒక్కో అలకకీ ఒక్కో పదవి పుట్టింది. కుండీల ఉపసంఘం అధ్యక్షురాలు వచ్చింది, తెగుళ్ల నివారణ శాఖ ఇన్‌చార్జి వచ్చాడు, తీగజాతుల సమన్వయకర్త వచ్చాడు. రెండోసారి అలిగినవారికి పదవి ముందు 'ముఖ్య' అని చేర్చారు. మూడోసారికి 'రాష్ట్ర' చేర్చారు. ఏడాది తిరిగేసరికి మండలిలో అందరూ పదవుల్లో ఉన్నారు, ఒక్క సూర్యభగవాన్ తప్ప.

భగవాన్ రేవులో గుమాస్తా. యాభై దాటాయి. ఆయనకి అన్నీ వచ్చుగానీ అలగడం చేతకాదు. కూరలో ఉప్పు లేకపోతే కలుపుకుని తినేవాడు, ఎక్కువైతే మజ్జిగ పోసుకునేవాడు. "మీతో కాపురం సుఖమేగానీ, ఒక్కసారైనా అలగండీ. బతిమాలాలని నాకూ ఉంటుంది కదా!" అనేది భార్య వరహాలు. ఆ ముచ్చట తీరకుండానే మూడేళ్ల కిందట ఆవిడ పోయింది. డాబా మీద ఆవిడ వేసిన గుండుమిరప మొక్క మాత్రం మిగిలింది.

ఆవిడ పోయిన ఏడు ఆ మొక్కకి ఆకుముడత పట్టింది. భగవాన్ కంగారుపడి గ్రూపులో చేరి అడిగాడు. తెగుళ్ల శాఖవారు అది తీగజాతుల పరిధిలోకి వస్తుందేమో పరిశీలించమన్నారు. ఈలోగా రత్నమాణిక్యం అనే ఆవిడ విడిగా మెసేజీ పెట్టింది. "బాగా పులిసిన మజ్జిగలో ఇంగువ కలిపి చల్లండి. అడుగున ముడుచుకున్న ఆకులు గిల్లేయండి. కంగారేం లేదు." మొక్క బతికింది. అప్పట్నుంచి రోజూ రెండు ముక్కలు మాట్లాడుకోవడం అలవాటైంది, మొక్క గురించే. ఆవిడ గాజువాకలో లెక్కల టీచరుగా చేసి రిటైరైంది, ఒక్కర్తే ఉంటుంది. నిజానికి ఆవిడా అలిగే మనిషి కాదు. ఒకసారి ఫోన్ నీళ్ల డ్రమ్ములో పడి కొన్నాళ్లు కనబడకుండా పోతే, మండలివారు అలక అనుకుని గౌరవ సలహాదారు పదవి పంపించారు.

అలాంటి మండలికి అధ్యక్షులు పరాంకుశం గారు. ఏదో ప్రభుత్వ శాఖలో డిప్యూటీ డైరెక్టరుగా చేసి దిగిన మనిషి. కుర్చీ దిగాడుగానీ భాష దిగలేదు. మిరపకాయ మనది కాదు, మెక్సికో వైపు నుంచి ఓడల్లో వచ్చిందని ఆయన ఎక్కడో చదివాడు. మర్నాడే ప్రకటన వచ్చింది.

"మిరప, టమాటా, మొక్కజొన్నల జన్మభూమికి చెందిన ఆహార విధానమును క్షేత్రస్థాయిలో పరిశీలించు నిమిత్తం, మండలి ప్రథమ ప్రత్యక్ష అధ్యయన సమావేశం బీచి రోడ్డునందలి మెక్సికన్ హోటలులో జరుపుటకు కార్యవర్గం ఏకగ్రీవంగా తీర్మానించడమైనది."

భగవాన్ రెండుసార్లు చదువుకుని, అందరూ కలిసి భోంచేస్తారన్నమాట అని అర్థం చేసుకున్నాడు. ఆయన ప్రాణం లేచొచ్చింది. మూడేళ్లుగా పళ్లెం ఒళ్లో పెట్టుకుని, టీవీలో ఎవరో మాట్లాడుకుంటుంటే అదే తోడనుకుని తింటున్నాడు. నలుగురి మధ్య కూర్చుని, పక్కవాళ్లు "ఇంకొంచెం వేసుకోండీ" అంటుంటే వద్దువద్దంటూ వేసుకోవడం ఎలా ఉంటుందో మర్చిపోయాడు. సమావేశం రోజు సాయంత్రం ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, డాబా ఎక్కి గుండుమిరపకాయలు ఎంచి ఎంచి కోసి, గుడ్డసంచీలో వేసుకున్నాడు. అవి రత్నమాణిక్యం గారికి. ఆవిడ పక్కన కూర్చుని, మొక్క బతికిన కథ నోటితో చెప్పి, ఇవ్వాలి. ఆయన కోరిక అంతే.

హోటలు గోడల నిండా నాగజెముడు బొమ్మలు. పెద్ద సర్వరు పైడిరాజుది విజయనగరం, తలమీద మాత్రం చేటంత మెక్సికో టోపీ. లోపల మండలికిచ్చిన బల్లలన్నీ గోడవారగా ఒకే వరుసలో కలిపేశారు. వెనక మండలి పేరుతో బట్ట కట్టారు. కుర్చీలన్నీ ఒకే వైపున్నాయి. వాటికి ఎదురుగా బోలెడంత ఖాళీ నేల, దాని అవతల ఒక బుల్లి బల్ల, ఒకే ఒక్క కుర్చీ.

"ఇది ఎవరికండీ?" అని అడిగాడు భగవాన్.

"మీకేనండీ. సభ్యుల గ్యాలరీ," అన్నాడు ప్రధాన కార్యదర్శి విశ్వపతి. నియమావళి మొత్తం కంఠతా వచ్చిన మనిషి. ఆ నియమావళి రాసిందీ ఆయనే, రాసింది పాటించేదీ ఆయనే.

"అందరం ఒకేచోట కూర్చుంటే..."

"వేదిక మీద పదవీధారులు మాత్రమే ఆసీనులు కావాలి. ఏడో నియమం. అయినా సభ అన్నాక సభికులుండాలి కదండీ!"

వేదిక చివర్న నీలం నేతచీర కట్టుకున్న ఒకావిడ చెయ్యి ఊపింది. ఫోటోలో కంటే కాస్త సన్నంగా ఉంది. భగవాన్ గుర్తుపట్టి గుడ్డసంచీ ఎత్తి చూపించాడు. "ఓ, అవేనా!" అన్నట్టు ఆవిడ కళ్లు పెద్దవి చేసింది. అంతకంటే మాట్లాడుకోవడానికి దూరం చాలా ఉంది.

సభ మొదలైంది. కూర్చున్నవాళ్లని వేదిక మీదికి ఆహ్వానించడం కుదరదు గనక, విశ్వపతి అందర్నీ లేపి ద్వారం దగ్గరికి పంపించాడు. అక్కణ్నుంచి ఒక్కొక్కర్నే పేరు పెట్టి పిలిచాడు. ఒక్కొక్కరే చెయ్యి ఊపుకుంటూ వచ్చి, ఇంతకుముందు కూర్చున్న కుర్చీలోనే కూర్చున్నారు. పిలిచిన ప్రతిసారీ చప్పట్లు కొట్టాల్సిన పని భగవాన్‌ది. పక్క బల్ల దగ్గర తింటున్న ఎవరో కుటుంబం వాళ్లు జాలిపడి తామూ కొట్టారు.

"క్షమించాలి. సభ్యేతరుల కరతాళ ధ్వనులు చెల్లవు," అన్నాడు విశ్వపతి మైకులో.

తర్వాత సన్మానాలు. అధ్యక్షులు ఉపాధ్యక్షుడికి శాలువా కప్పారు, ఉపాధ్యక్షుడు కార్యదర్శికి కప్పాడు, అలా చివరిదాకా వెళ్లి, చివరివారు వచ్చి అధ్యక్షులకి కప్పారు. ఎవరికీ లోటు జరగలేదు. భగవాన్ అరచేతులు ఎర్రబడ్డాయి.

ఇంతలో పైడిరాజు మొక్కజొన్న చిప్సు బుట్టలు, గిన్నెల్లో ఎర్రటి పచ్చడీ తెచ్చి వేదిక నిండా సర్దాడు. భగవాన్ ముందు కూడా ఒకటి పెట్టాడు.

"టమాటా పచ్చడే బాబూ. ఇక్కడ సాల్సా అంతారు. తినీండి."

భగవాన్ చెయ్యి చాపబోయి వేదికవైపు చూశాడు. ఎవరూ ముట్టుకోలేదు. చాపిన చేత్తో తల గోక్కున్నాడు.

విశ్వపతి మైకు సవరించుకున్నాడు. "భోజన క్రమం మనవి చేస్తాను. అధ్యక్షుల వారు ముట్టిన పిమ్మట ఉపాధ్యక్షులు, వారి పిమ్మట కార్యదర్శి, ఆపైన విభాగాల వారు హోదాననుసరించి. అధ్యక్షుల వారు అధ్యక్షోపన్యాసం అనంతరమే ముడతారు. అధ్యక్షోపన్యాసం అందరి ప్రసంగాల అనంతరం ఉంటుంది."

ఎరువుల విభాగం ముఖ్య కన్వీనరు పేడ గురించి మొదలెట్టాడు. ఆయన ముందున్న పచ్చడిలోంచి కొత్తిమీర వాసన వస్తోంది. ఆయన ప్రతి వాక్యం చివరా గుటక వేస్తున్నాడు, అయినా ఆపలేదు. కుండీల అధ్యక్షురాలు మట్టికుండీ, ప్లాస్టిక్ కుండీల మధ్య తేడా చెప్పింది. తేడా అందరికీ తెలిసిందే.

చప్పట్లు కొట్టీ కొట్టీ చేతులు మండుతుంటే, కడుక్కుందామని భగవాన్ లేచాడు.

"సభ్యులవారు ఎక్కడికి?" మైకు గట్టిగా అరిచింది.

"చేతులు కడుక్కుని వస్తానండీ."

"వెళ్తే కోరం పోతుందండీ! సభ్యుల్లో మూడోవంతు హాజరుండాలని నియమం. తమరు ఒక్కరే ఉన్నారు గనక ప్రస్తుతం కోరానికి మూడు రెట్లు హాజరు. తమరు గడప దాటితే సున్నా. సభ వాయిదా పడుతుంది. వాయిదా పడిన సభ ప్రార్థనాగీతం దగ్గర్నుంచి మళ్లీ మొదలవ్వాలి."

వేదిక మీదున్న అందరూ ఒక్కసారిగా "వద్దొద్దు!" అన్నారు. ఆ రాత్రి మండలి ఏకగ్రీవంగా అన్న మొదటి మాట అదే. భగవాన్ కూర్చున్నాడు.

పైడిరాజు వచ్చి తొంగిచూశాడు. "రొట్టెలు కాల్చీసినాను బాబూ. కూర పెట్టి మడతెట్టి తెచ్చీమంతారా? సల్లారిపోతే చెప్పులా ఉంటాది."

"ప్రసంగాలు ముగిసిన పిమ్మట తెలియజేయబడును," అన్నాడు విశ్వపతి.

"ఎవులికి?" అని గొణుక్కుంటూ పైడిరాజు లోపలికి పోయాడు.

తీగజాతుల సమన్వయకర్త లేచేసరికి వేదిక చివర్న రత్నమాణిక్యం చెయ్యి ఎత్తింది. "ఏవండీ, నాకు షుగరు. తొందరగా తింటాం కదా అని ఇంటి దగ్గరే మాత్ర వేసుకొచ్చాను. చేతులు వణుకుతున్నాయి. ముందు భోజనాలు కానిచ్చి, తర్వాత తీరిగ్గా మాట్లాడుకుందాం. ఇది నా సలహా."

పరాంకుశం గారు కళ్లజోడు సర్దుకున్నారు. "అమ్మా, తమరు గౌరవ సలహాదారులు. అడిగినప్పుడు సలహా ఇవ్వడం తమ బాధ్యత. ప్రస్తుతం మండలి తమను సలహా అడిగి యుండలేదు."

"అయితే అడగండి."

"అడగవలెనా వద్దా అన్నది కార్యవర్గం పరిశీలిస్తుంది. తీగజాతులవారు కొనసాగించవచ్చు."

ఆవిడ ఒక చిప్సు ముక్క తీసుకోబోయింది. పక్కనున్న తెగుళ్ల శాఖ ఇన్‌చార్జి ఎంతో మర్యాదగా బుట్ట పక్కకి జరిపాడు. ఆవిడ చీర చెంగుతో నుదుటి చెమట తుడుచుకుంది. ఏసీ చల్లగా ఉంది, అయినా ఆవిడకి చెమట పడుతోంది.

భగవాన్‌కి ఒళ్లు మండింది. తన జీవితంలో ఇంతకుముందు ఎప్పుడూ మండలేదు గనక అదేమిటో తెలియడానికి కొంచెంసేపు పట్టింది. మొక్కకి ఆకు ముడుచుకుంటే కంగారుపడి మందు చెప్పిన మనిషి ఎదురుగా చెమటలు కక్కుతుంటే, వీళ్లు పందిరి ఎత్తు గురించి మాట్లాడుతున్నారు. ఆయన లేచి, ఖాళీ నేల మధ్యకి నడిచి నిలబడ్డాడు. ఏమనాలో తెలియలేదు. మండలిలో పని జరిగే మాట ఒక్కటే ఉంది.

"నేను అలిగాను," అన్నాడు.

అంతే, వేదిక మీద పండగలా అయింది. అలక అంటే మండలికి కొట్టిన పిండి. పేడ ఉపన్యాసానికీ ఆకలికీ మందు లేకపోయినా అలకకి మందుంది.

"ఇన్నాళ్లకి! నోరు తెరిచి ఒక్కమాట చెబితే పోయేదానికి ఇంత ఆలస్యం దేనికండీ?" అంటూ పరాంకుశం గారు లేచారు. "భగవాన్ గారిని ప్రేక్షక విభాగం ముఖ్య సమన్వయకర్తగా ఇందుమూలంగా..."

"ఆగాలి!" విశ్వపతి మొహం పాలిపోయింది. "అధ్యక్షా, వారికి పదవిస్తే వేదిక ఎక్కుతారు. ఎక్కితే సభ్యులు సున్నా. కోరం పోతుంది."

"ఇవ్వకపోతే?"

"అలక తీరదు. ఇంటికి వెళ్లిపోతారు. అప్పుడూ సున్నాయే."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. పరాంకుశం గారు ముప్ఫయ్యేళ్ల సర్వీసులో ఇలాంటి ఫైలు చూడలేదు. ఎవరైనా ఒకరు పదవి వదులుకుని కిందికి దిగితే లెక్క సరిపోతుందని విశ్వపతి తేల్చాడు. దిగమని ఎరువులవారిని అడిగారు. ఆయన అలిగాడు. ఆయన్ని ఊరడించడానికి 'రాష్ట్ర' చేర్చారు. కుండీలావిడని అడిగారు. ఎరువులవారికి చేర్చింది తనకి చేర్చలేదని ఆవిడ అలిగింది.

"నేను దిగుతున్నానండీ," అంది రత్నమాణిక్యం, అప్పటికే లేచి నిలబడి. "నా పదవికి రాజీనామా."

"ఆమోదించడమైనది! ఇక భగవాన్ గారు..." అన్నారు పరాంకుశం గారు.

"నాకొద్దండీ," అన్నాడు భగవాన్.

మండలి చరిత్రలో పదవి వద్దన్న మనిషి లేడు. అలాంటివాడు తగిలితే ఏం చెయ్యాలో ఏ నియమంలోనూ లేదు. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటుండగా రత్నమాణిక్యం ఖాళీ నేల దాటి వచ్చింది. భగవాన్ తన కుర్చీ ఆవిడకిచ్చి, పక్కబల్ల దగ్గర్నుంచి ఇంకోటి లాక్కొచ్చుకున్నాడు. చిప్సు బుట్ట ముందుకి తోశాడు. ఆవిడ వరుసగా నాలుగు నోట్లో వేసుకుని కళ్లు మూసుకుంది.

"అభ్యంతరం! అధ్యక్షుల వారు ఇంకా ముట్టలేదు," అన్నారు ఉపాధ్యక్షులు.

"విశ్వపతీ, ఏ నియమం ప్రకారం అభ్యంతరం?" అని అడిగారు పరాంకుశం గారు.

విశ్వపతి పెదాలు కదుపుతూ మొదట్నుంచి చివరిదాకా ఒప్పజెప్పుకున్నాడు. "భోజన క్రమమంతా పదవీధారులకేనండీ. సాధారణ సభ్యుల భోజనం విషయంలో నియమావళి మౌనం వహించింది."

"అంటే?"

"వారు ఎప్పుడైనా తినొచ్చునండీ. మొదట్నుంచీ తినొచ్చు."

భగవాన్ తన అరచేతులు చూసుకున్నాడు. ముందు ఏడుపొచ్చింది, తర్వాత నవ్వొచ్చింది. "పైడిరాజు గారూ, మడతపెట్టి తెచ్చెయ్యండి!" అని కేకేశాడు.

రొట్టెలు పొగలు కక్కుతూ వచ్చాయి. మొక్కజొన్న రొట్టె మడతలో చిక్కుడుగింజలు, ఉల్లిపాయ, మాంఛి నిమ్మరసం. భగవాన్ గుడ్డసంచీ విప్పి గుండుమిరపకాయ ఒకటి తుంచి ఆవిడ రొట్టెలో పెట్టాడు.

"ఆ మొక్కవేనా?"

"ఆ మొక్కవేనండీ. వరహాలు వేసింది. మీరు బతికించారు."

ఆవిడ కొరికింది. ముక్కూ కళ్లూ ఏకమయ్యాయి. ఎక్కిళ్లు వచ్చాయి. "అబ్బ, ఏం కారమండీ బాబూ! దీనికి మెక్సికో ఎందుకు, డాబా ఎక్కితే చాలదూ!" అని నవ్వి, ఆయన పళ్లెంలో ఇంకో రొట్టె వేసింది. "ఇంకోటి తినండీ, మొహమాటపడకండి."

"వద్దండీ, చాలు," అంటూ భగవాన్ పళ్లెం ముందుకి జరిపాడు. మూడేళ్లయింది ఆ అబద్ధం ఆడి.

కమ్మటి వాసన వేదిక మీదికి పాకింది. ఎరువులవారు ముందు శాలువా మడతపెట్టి, తర్వాత రాజీనామా ఇచ్చారు. తీగజాతులవారు ప్రసంగం మధ్యలో, వాక్యం మధ్యలో దిగిపోయారు. కుండీలావిడ 'రాష్ట్ర' రాకుండానే దిగింది. ఉపాధ్యక్షులూ తెగుళ్ల శాఖవారూ ముందు నేనంటే ముందు నేనని ఒకర్నొకరు తోసుకున్నారు. పైడిరాజు అధ్యక్షుల వారిది తప్ప మిగతా బల్లలన్నీ తిప్పి కలిపేశాడు. అందరూ అడ్డదిడ్డంగా కూర్చుని, ఒకరి పచ్చడి ఒకరు ముంచుకుంటూ, సొరకాయ ఫోటో నాటి ముచ్చట్లు చెప్పుకున్నారు. విశ్వపతి కాసేపు నిలబడి, "నియమావళి మౌనం వహించినప్పుడు నేను మాట్లాడటం భావ్యం కాదు," అని ఆయనా వచ్చి కూర్చున్నాడు.

వేదిక మీద పరాంకుశం గారు ఒక్కరే మిగిలారు, శాలువాలో ఉడికిపోతూ. ఎదురుగా సభ్యులు కిటకిటలాడుతున్నారు. కోరం ఇంత బ్రహ్మాండంగా ఎప్పుడూ లేదు. వినేవాడే లేడు.

భగవాన్ ఉండలేక ఒక పళ్లెంలో రెండు రొట్టెలు పెట్టుకుని వెళ్లాడు. "దిగి రండి సార్. చల్లారిపోతున్నాయి."

పరాంకుశం గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "రాజీనామా ఇచ్చానండీ. అధ్యక్షుల వారు ఒప్పుకోవడం లేదు. సంస్థ శ్రేయస్సు దృష్ట్యా పునరాలోచించమంటున్నారు."

భగవాన్‌కి నిజంగా జాలేసింది. "పోనీ, అధ్యక్షుల వారు ముట్టినట్టు ఎవరికీ చెప్పనులెండి," అని పళ్లెం శాలువా చాటున పెట్టి వచ్చాడు. వెనక్కి తిరిగి చూసేసరికి ఖాళీ అయింది.

మర్నాడు పొద్దున్న గ్రూపులో అందరూ సాధారణ సభ్యులే. మధ్యాహ్నందాకా హాయిగా ఉంది. ఎవరో వంకాయ పెట్టారు, ఎవరో ముద్దొస్తోందన్నారు. తర్వాత ఎరువులాయన, అందరికంటే ముందు రాజీనామా ఇచ్చిన సాధారణ సభ్యుడు తనే గనక తన పేరు ముందు 'ప్రథమ' అని ఉండాలన్నాడు. ముందు ఇచ్చింది రత్నమాణిక్యం గారు కదా అని ఎవరో అంటే అలిగాడు. సాయంత్రానికి ప్రధాన సాధారణ సభ్యుడు, సీనియర్ సాధారణ సభ్యురాలు, రాష్ట్ర సాధారణ సభ్యుడు తయారయ్యారు. పొద్దుగూకే వేళకి అధ్యక్షుల వారి ప్రకటన వచ్చింది.

"పుట్టుకతోనే సాధారణ సభ్యులైన శ్రీ సూర్యభగవాన్ గారికి 'ఆజన్మ గౌరవ సాధారణ సభ్యుడు' బిరుదును ప్రదానం చేయుటకు, వారిని వేదిక మీద ఆసీనులను చేయుటకు తీర్మానించడమైనది."

భగవాన్ అది రెండుసార్లు చదువుకున్నాడు. తర్వాత జీవితంలో రెండోసారి అలిగాడు. గ్రూపులోంచి బయటికి వచ్చేశాడు. ఈసారి బతిమాలతారేమోనని భయపడి ఫోన్ బోర్లా పెట్టి, వంటింట్లోకి వెళ్లి అన్నానికి బియ్యం కొలుచుకున్నాడు.

ఫోన్ మోగింది. తీయాలా వద్దా అనుకుంటూనే తీశాడు.

"భగవాన్ గారూ, నేనూ అలిగానండీ," అంది రత్నమాణిక్యం. "గాజువాకలో బస్సెక్కాను. కూరేం చేస్తున్నారు?"

"గుండుమిరపకాయ పచ్చడి, వంకాయ," అని చెప్పి, భగవాన్ ఇంకో గ్లాసు బియ్యం పోశాడు.